అందరూ వచ్చేదాకా విప్పని తాడు

మా పాప పోయిందని నాకు చెప్పింది వాళ్ళ నాయన. ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చుని, పాపకు పెడదామని తెచ్చిన ఇడ్లీ పొట్లానికి దారం విప్పుతున్నాను. ఆయన లోపలినుంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాసేపు నా చేతుల వంకే చూశాడు. "విప్పొద్దులే మే" అన్నాడు. నేను విప్పడం ఆపేశాను.

ఆషాఢం చివర్లో జరిగింది ఇది. ఆరు రోజుల జ్వరం. డెంగీ అన్నారు. చేయాల్సిందంతా చేశారు, నిలవలేదు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు బిడ్డకు. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, మదనపల్లెలో చాలామంది "ఎండలో సైకిలు తొక్కి తొక్కి పోయిందంట ఆ పిల్ల" అనుకుంటున్నారు. కూరగాయల అంగడి దగ్గర నా చెవినే పడింది. కాదమ్మా. దోమ కుట్టింది, జ్వరం వచ్చింది, పోయింది. సైకిలు మా పాపను చంపలేదు. ఆ మాట అనేవాళ్ళు మా పాపను సైకిలు మీద చూసి ఉండరు.

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. మా పాప గురించి పత్రికలో నాలుగు ముక్కలు వేస్తామని సైకిళ్ళ గ్రూపు వాళ్ళు అంటే, రాసేదేదో నేనే రాస్తానన్నాను. నా ఐదో తరగతి చదువును పనికొచ్చే చదువు అన్నది లోకంలో మా పాప ఒక్కతే. ఎట్లా పనికొచ్చిందో ముందుకు పోయాక చెప్తాను.

పాపకు పుంగనూరులో ఉద్యోగం. పాల కేంద్రంలో పాలు పరీక్ష చేసే పని. మొదట్లో రోజూ బస్సులో పోయి వచ్చేది. ఒకరోజు సైకిలు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. వాళ్ళ నాయన మార్కెట్టులో టమోటా మండీనుంచి అప్పుడే వచ్చాడు.

"ఎవురిది?"

"నాదే నాయనా."

"యాల? బస్సులో సీట్లన్నీ కాలిపోయినాయా?"

"బస్సు దాని ఇష్టం వచ్చినప్పుడు కదుల్తాది. ఇదయితే నేను ఎక్కితేనే కదుల్తాది."

"ఆడబిడ్డ రోడ్డు మీద సైకిలేసుకోని పోతా ఉంటే నలుగురేమంటారు?"

"నువ్వు ముప్పై ఏండ్లుగా సైకిలు మీదే పోతాండావు కదా, ఏమన్నారు?"

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. జవాబు లేనప్పుడు ఆయన చేసే పని అదే.

రెండేళ్ళు అట్లా పుంగనూరుకు తొక్కింది. పొద్దున పోయేటప్పుడు చలి, సాయంత్రం వచ్చేటప్పుడు ఎదురుగాలి. తర్వాత బెంగుళూరు పక్కన నూరు కిలోమీటర్ల సైకిలు యాత్ర ఏదో పెడుతున్నారని పేరు ఇచ్చింది. అక్కడికి వచ్చినవాళ్ళందరివీ గాలికి ఎగిరిపోయేంత తేలిక సైకిళ్ళంట. మా పాపది మామూలుది. దారిలో రెండుసార్లు పంచరు పడింది. ఒకసారి దారి తప్పింది. పొద్దు వాలేముందు నాకు ఫోను చేసింది.

"మా, ఈడ ఎవురూ లేరు."

"ఈడంటే యాడ?"

"చేరాల్సిన కాడ. టెంటు పీకేసినారు. కుర్చీలు బండికెత్తేసినారు. టయిము దాటిపోయిందంట."

"నువ్వు చేరినావా లేదా?"

"చేరినా."

"మరింగేంది? రా ఇంటికి."

"ఎవురూ సూడలేదు మా" అంది.

నేను ఆరోజు నవ్వేశాను. చిన్నపిల్ల మాదిరి ఏమిటిది అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వినందుకు నా మీద నాకే కోపం వస్తుంది.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడోరోజు నేను రాగిపిండి జల్లిస్తుంటే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"మా, మనూరినుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఒకటి పెడతా. ఏ సైకిలైనా సరే. ఎంత మెల్లిగా వచ్చినా సరే. చివర వచ్చేటోళ్ళు వచ్చేదాకా ఆడ ఎవురో ఒకరు కూర్చోనుండాల."

"ఎవురు కూర్చుంటారు అంతసేపు?"

"నువ్వు."

అడిగిందా చెప్పిందా అని ఇప్పటికీ నాకు తెలియదు.

మదనపల్లెలో అప్పటికే ఒక సైకిళ్ళ గ్రూపు ఉండేది. మెడికల్ షాపు సారు దానికి పెద్ద. పాప అందులో చేరి వాళ్ళను ఒప్పించింది. పేరు ఇవ్వడానికి ఫోనులో ఒక ఫారం ఉంటుంది కదా, దాన్ని తెలుగులో రాసి ముందు నాకు చూపించింది. "నీకు తెలిస్తే అందురికీ తెలిసినట్టే మా. నీకు తెలీకపోతే నేను రాసింది తప్పు" అంది. అందులో "నిర్దేశిత సమయంలో గమ్యస్థానం చేరుకోవలెను" అని ఉంది.

"గమ్యస్థానమనే ఊరు యాడుండాది పాపా? పలమనేరు దాటినాకనా?" అని అడిగాను.

అది నవ్వీ నవ్వీ చాప మీద పడిపోయింది. తర్వాత లేచి ఆ ముక్క కొట్టేసి, "కుప్పం రావాలి, ఎప్పుడు వచ్చినా ఉంటాం" అని రాసింది. ఫారమంతా అట్లే నాతో నాలుగు రాత్రులు చదివించింది. నేను ఎక్కడ ఆగితే అక్కడ మార్చింది. మొదటి ఏడాది పేరు ఇచ్చినవాళ్ళలో టైలర్లు, మండీలో పనిచేసేవాళ్ళు, పాలుపోసేవాళ్ళు, అంగళ్లు కాలేజీ పిల్లలు అందరూ ఉన్నారు. నా చదువు పనికొచ్చిందన్నాను కదా, అట్లా.

ఒకటి మాత్రం నేను అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. గ్రూపులో అందరూ మగవాళ్ళే. "అంత దూరం పోతే ఆడోళ్ళు ఒంటికి పోను చోటేది?" అన్నాను. పాప నా మొహం చూసి, "రేపు సెలవు పెడతా, పోదాం పా" అంది. ఇద్దరం బస్సెక్కి దారి పొడుగునా ఊరూరా దిగాం. రోడ్డు పక్క ఇళ్ళల్లో అడిగాం. మాట్లాడేది నేను, సంచి మోసేది పాప. ఆడవాళ్ళు అడిగితే ఆడవాళ్ళు కాదనరు. పుంగనూరు దాటినాక ఒకామె మాత్రం, "సైకిలు తొక్కేకి ఇంటి పనులన్నీ అయిపోయినాయా మీకు?" అని ఎగతాళి చేసింది. చేసి, మజ్జిగ ఇచ్చి, బాత్రూము చూపించింది. మా పాత పసుపుపచ్చ చీర చించి ఒప్పుకున్న ఇంటికల్లా ఒక ముక్క ఇచ్చాం. యాత్ర ఏటా దసరా ముందు ఆదివారం అనుకున్నాం. ఆరోజు గేటుకు ఆ గుడ్డ కడితే, ఆ ఇంట్లోకి అడగకుండా పోవచ్చని గుర్తు.

ఇంక నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, పాప ఉంటే ఇది వదిలిపెట్టేది కాదు. మొదటి ఏడాది పుంగనూరులో టిఫినుకు ఆపాం. కష్టపడి తొక్కి వస్తారు కదా అని రాగిసంగటి, చెనక్కాయల చట్నీ, దాని మీద వంకాయ పులుసు వండి పెట్టాను. బాగుందని ముద్ద మీద ముద్ద వేయించుకున్నారు. తిన్నవాళ్ళు తిన్నట్టే రోడ్డు పక్క చింతచెట్ల కింద పడుకున్నారు. లేపితే లేవరు. మెడికల్ షాపు సారయితే టోపీ మొహం మీద వేసుకుని గురక. పాప ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, "లేయండప్పా, మాయమ్మ మిమ్మల్ని కుప్పం పోనిచ్చేట్టు లేదు" అంటా తట్టి లేపింది. ఆ ఏడాదినుంచి పుంగనూరులో రాగి అంబలి, ఉల్లిపాయ, అంతే. సంగటి కుప్పంలో.

కొత్తవాళ్ళను చూస్తే పాప చేయి ముందు స్పానరు మీదికే పోయేది. ఎవరొచ్చినా సీటు పైకెత్తేది. మన వాళ్ళందరూ కాళ్ళు రెండూ నేలకు ఆనేట్టు సీటు దించుకుంటారు, దాంతో మోకాళ్ళు పట్టేస్తాయని చెప్పేది. ఆడవాళ్ళు గోల. "పడిపోతాము మా!" "పడరు. పడితే నేను పట్టుకుంటా." ఆరు ఆదివారాలు ముందునుంచే తిప్పేది వాళ్ళను. మొదటి ఆదివారం అంగళ్లు దాకా పోయి రావడం, అంతే. తర్వాత హార్స్లీ హిల్స్ కొండ కిందిదాకా, తర్వాత గుర్రంకొండ, తర్వాత పుంగనూరు. ఎవరికైనా ఆయాసం వస్తే సైకిలు దిగి నడవమనేది. "దిగేది తప్పు గాదు, ఆగిపోయేదీ తప్పు గాదు. మాకు సెప్పకుండా పోతేనే తప్పు" అనేది. ఎవరైనా ఆగిపోతే వెనక టమోటా పెట్టెల మినీ లారీ ఉంటుంది, ఎక్కించుకుని వస్తుంది. అది వాళ్ళ నాయన మండీలో మాట్లాడి పంపే బండి. ఎక్కినవాళ్ళను చిన్నచూపు చూడకూడదని పాప గట్టి రూలు.

తను మాత్రం ఎప్పుడూ అందరికన్నా వెనక తొక్కేది. బాగా తొక్కగలిగి ఉండీ. సీటు కింద ఎర్ర లైటు ఒకటి, పగలు కూడా మిణుకు మిణుకుమని వెలుగుతా ఆరుతా ఉండేది. "ముందు పోయేటోళ్ళకు చప్పట్లు యాడైనా దొరుకుతాయి మా. అందురి వెనకా నేనుంటా గదా, అందుకని ఎవురికీ మేమే చివర అనిపించదు" అనేది.

కుప్పంలో మేము కూర్చుని ఎదురుచూసే పందిరి పెద్దదేమీ కాదు. నాలుగు గుంజలు, మండీలో లారీల మీద కప్పే నీలం పట్ట ఒకటి. దాన్ని నిలబెట్టే తాడుకు ముడి వేసేది నేను. మా పుట్టింట్లో ఆవులకు వేసే ముడి. ఎంత గింజుకున్నా ఊడదు, కానీ ఒక కొస పట్టి లాగితే చాలు విడిపోతుంది. అలిసిపోయి వచ్చిన చేతులకు కూడా వీలవుతుందని పాప ఆ ముడే వేయమంది. ఎందుకంటే ఆ తాడు విప్పాల్సింది అందరికన్నా చివర వచ్చిన మనిషి. మిగిలినవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. విప్పే ముందు పాప రోడ్డు వైపు తిరిగి గట్టిగా అడిగేది: "అందురూ వచ్చేసినారా?" నేను కాగితంలో పేర్లు చూసి, "వచ్చేసినారు" అనేదాన్ని. అప్పుడు ఆ మనిషి కొస లాగితే పందిరి కిందికి వాలేది. అందరూ చప్పట్లు. ఆ తాడు ఆ మనిషే ఇంటికి తీసుకుపోయి, మరుసటి ఏడాది తేవాలి. పోయిన ఏడాది అది పుంగనూరు పక్క పల్లెలో ఉండే పాలాయనకు దక్కింది. అరవై దాటిన మనిషి. పాల క్యాన్లు తగిలించే సైకిలు మీదే కుప్పం వచ్చాడు. క్యాన్లు అయితే ఇంట్లో పెట్టి వచ్చాడు, పుణ్యం.

జ్వరం వచ్చే ముందు ఆదివారం ఇంటికి ఒకామె వచ్చింది. అంగళ్లులో జాకెట్లు కుట్టే ఆమె, నలభై ఏళ్ళు ఉంటాయి. కూతురికి బడిలో ఇచ్చిన సైకిలు మీద వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"నేను గూడా పేరియ్యొచ్చునా మా? నవ్వద్దండి."

"యాల నవ్వుతాం అక్కా?" అంది పాప.

"పొద్దునించి సందేళ దాకా మిషను తొక్కుతా. మిషను తొక్కే కాళ్ళు సైకిలు తొక్కలేవా అని. కానీ శానా మెల్లిగా తొక్కుతా. మీరంతా లేసి పొయ్యినాక వస్తానేమో."

"నువ్వు వచ్చేదాకా తాడు విప్పం అక్కా. మాట." పాప అప్పుడే స్పానరు తెచ్చి ఆమె సీటు ఎత్తేసింది.

పాప ఎవరికైనా ఇచ్చిన చివరి మాట అదే.

పెద్దకర్మ అయిన వారానికి గ్రూపు మీటింగు పెట్టారని పాలాయన ఫోను చేసి చెప్పాడు. నేనూ, వాళ్ళ నాయనా వెళ్ళాం. మెడికల్ షాపు పైన గది. మమ్మల్ని చూసి సారు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. మంచి మనిషి ఆయన, ఆసుపత్రికి రక్తం ఇవ్వడానికి మొదట వచ్చింది ఆయనే. కానీ ఆరోజు ఆయన అన్నది ఇది:

"అమ్మా, ఈ ఏడాది ఆపేద్దామనుకుంటున్నాం. లేదంటే బాగా తొక్కేవాళ్ళ వరకే పెట్టుకుంటాం. గేర్ల సైకిళ్ళు, మధ్యాహ్నం మూడు లోపల కుప్పం, రాలేనివాళ్ళను బండి ఎక్కించేయడం. కొత్తవాళ్ళను చూసుకునే ఓపిక పాపకు ఉండేది. మాకు లేదు. ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు మా?"

ఆయన మాటల్లో చెడు లేదు, భయం ఉంది. ఆ భయం నాకూ ఉంది. చుట్టూ అందరూ తల ఊపుతున్నారు. అంతమంది ముందు నేనెప్పుడూ మాట్లాడి ఎరగను.

అప్పుడు వెనకనుంచి పాలాయన లేచాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులోనుంచి చుట్ట చుట్టిన తాడు బయటికి తీశాడు.

"ఇది నాకాడుండాది. కుప్పంలో కట్టేకి తేవాలని సెప్పి ఇచ్చింది ఆ బిడ్డ. కొట్టంలో మేకుకు తగిలించి పెట్టుకోనుండా, ఆవులను గూడా దీంతో కట్టలా. ఇంగ కట్టేది లేదంటే ఎవురికియ్యల్ల? సెప్పండి, ఇచ్చేసి పోతా. పాలు పిండే టయిమయితాంది."

తాడు చాపి నిలబడ్డాడు. ఎవరూ చేయి చాపలేదు. సారు కూడా చాపలేదు. నేను లేచిపోయి ఆ తాడు తీసుకున్నాను. తీసుకున్నాక మాట దానంతట అదే వచ్చింది.

"కట్టేది ఉండాది సార్. మూడు గంటలకు పీకేసే పందిరయితే కుప్పంలో మనం కట్టాల్సిన పని లేదు, అట్లాంటివి బెంగుళూరు పక్కన శానా ఉండాయంట. నా బిడ్డ ఒకామెకు మాటిచ్చి పొయ్యింది. నేను కూర్చుంటా. ఎంచేపయినా కూర్చుంటా. అన్నీ మీరు సేసినట్టే సేయండి, కూర్చునే పని నాది."

"కూర్చుంటారు సరే మా. వెనక తొక్కేదెవరు?"

"నేను తొక్కుతా."

తలుపు దగ్గరనుంచి. అందరం తిరిగి చూశాం. వాళ్ళ నాయన. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోలేదు ఈసారి.

ఆరు ఆదివారాలూ కొత్తవాళ్ళతో పాటు ఆయనా తొక్కాడు. ముప్పై ఏళ్ళు మార్కెట్టుకు తొక్కిన మనిషి, తనకన్నీ తెలుసు అనుకున్నాడు. మొదటి ఆదివారం అంగళ్లు చేరేసరికి మోకాళ్ళు పట్టుకుని రోడ్డు పక్క కూర్చున్నాడు. జాకెట్లు కుట్టే ఆమె స్పానరు పట్టుకుని వచ్చింది.

"లేయన్నా. సీటెత్తుకోవల్ల."

"వద్దు మా, ఇట్లే అలవాటు."

"మోకాళ్ళు పోతాయంట. పాప సెప్పింది."

ఆయన లేచి సీటు ఎత్తించుకున్నాడంట. ఆరోజు ఇంటికి వచ్చి, "పాప నాకెన్నిసార్లు సెప్పింది మే ఈ మాట. నేను వినలా" అన్నాడు. ఆసుపత్రి మెట్ల మీద కూడా ఏడవని మనిషి సైకిలు సీటు పట్టుకుని ఏడ్చాడు. మర్నాడు పాప సైకిలు నుంచి ఎర్ర లైటు విప్పి తన సైకిలుకు బిగించుకున్నాడు.

కుప్పం పోయే రోజు తెల్లవారకముందే అందరూ బయల్దేరారు. నేను వంట సామాన్లతో ఇంకో మినీ లారీలో ముందు పోయాను. పుంగనూరులో అంబలి పోసి, అక్కడినుంచి కుప్పం దారి పట్టాం. నాకు ఒకటే దిగులు, ఆ గుడ్డల మాట. ఆ ఇళ్ళకు ఈసారి ఎవరమూ పోలేదు. నాకు ఓపిక లేకపోయింది, మిగిలినవాళ్ళకు గుర్తు లేకపోయింది. ఆడవాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు ఈ ఏడాది. వాళ్ళనేం చేయాలా అనుకుంటా బయటికి చూస్తున్నాను. మొదటి ఇంటి గేటుకు పసుపు గుడ్డ ఉంది. రెండో ఊరిలోనూ ఉంది. మమ్మల్ని ఎగతాళి చేసిన ఆమె అయితే గుడ్డ కట్టి, గేటు తెరిచి పెట్టి, బయట బిందె నిండా నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంది. బండి ఆపించి దిగాను.

"మేము సెప్పలేదు కదా మా ఈసారి?" అన్నాను.

"ఏడాదేడాదీ సెప్పల్లనా?" అంది. నా చేయి పట్టుకుంది. "బిడ్డ సంగతి విన్నా" అని మాత్రం అంది. ఇంక ఎక్కువ నిలబడలేదు నేను.

కుప్పంలో పందిరి కట్టాను. నా ముడి వేశాను. బాగా తొక్కేవాళ్ళు మధ్యాహ్నం లోపలే వచ్చారు. సంగటి తిన్నారు, బస్సులకు పోయేవాళ్ళు పోయారు. ఒకరి తర్వాత ఒకరు వస్తుంటే కాగితంలో పేరు పక్కన టిక్కు పెడుతున్నాను. మూడయింది. సారు వాచీ చూసుకున్నాడు. నాలుగయింది. ఒక్క పేరు మిగిలింది. అది ఎవరి పేరో మీకు తెలుసు. అయిదు దాటినాక సారు స్టూలు తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు.

"మీరు పోండి సార్, పొద్దున్నే అంగడి తెరవల్ల కదా."

"ఉంటాలే మా."

ఫోను చేశాను. వాళ్ళ నాయన ఎత్తాడు. వెనక రాళ్ళ లారీ పోతున్న చప్పుడు.

"యాడుండారు?"

"మిట్ట ఎక్కుతాండాం. దిగి నడిపించుకోని వస్తాంది."

"బండెక్కుతాదేమో అడుగు."

ఆయన పక్కకు తిరిగి అడిగినట్టున్నాడు. ఆమె గొంతు వినిపించింది, "వద్దన్నా, పందిరి ఉండాదా లేదా అది అడుగు మొదట!" అని.

"ఉండాదని సెప్పు" అన్నాను.

పొద్దు వాలింది. వెలుతురు ఇంకా ఉంది కానీ ఎండ లేదు. అప్పుడు కనబడ్డారు రోడ్డు మీద. ఆమె ముందు, ఆయన వెనక. చివరి మలుపు దగ్గర ఆమె మళ్ళీ సైకిలు ఎక్కింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, నడుము వంచి, మిషను తొక్కినట్టే ఒకే తీరున తొక్కుకుంటా వచ్చింది. ఉన్న పదిమందిమీ లేచి చప్పట్లు కొట్టాం. సారు అందరికన్నా గట్టిగా కొట్టాడు. ఆమె దిగి, సైకిలు పట్టుకునే నిలబడి, పందిరి వంక, నా వంక చూసింది.

"ఇంగా ఉండారా?" అంది.

"ఉంటామని సెప్పింది కదా పాప."

ఆమె నీళ్ళు తాగింది. కూర్చోమంటే కూర్చోలేదు. వాళ్ళ నాయన సైకిలును పందిరి కిందికి తెచ్చి స్టాండు వేశాడు. ఆమె ఆయన్ను చూసి, "చివర వచ్చింది నువ్వు కదన్నా, తాడు నువ్వే విప్పల్ల" అంది.

"నేను లెక్కలోకి రాను మా. వెనకుండేటోళ్ళు లెక్కలోకి రారు."

సరేనని ఆమె తాడు దగ్గరికి పోయి కొస చేతిలోకి తీసుకుంది. లాగబోయి ఆగింది. అడగాల్సింది ఎవరో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆయనకు తెలుసు. చివరికి ఆమే అడిగింది, మెల్లిగా.

"అందురూ వచ్చేసినారా మా?"

కాగితం చూశాను. అన్ని పేర్ల పక్కనా టిక్కు ఉంది. తలెత్తి రోడ్డు చూశాను. పాప ప్రతి ఏడాదీ అట్లే చూసేది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. పక్కన వాళ్ళ నాయన కూడా అటే చూస్తున్నాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. మిట్ట మీదిదాకా ఖాళీ. నేను ఇంకాసేపు చూశాను. ఎంతసేపో నాకు తెలియదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె తాడు కొస పట్టుకుని అట్లే నిలబడి ఉంది, ఆ అలిసిపోయిన కాళ్ళ మీదే. ఆమె ఇంటికి పోవాలి. వచ్చే ఏడాది ఆ తాడు తేవాలి.

"వచ్చేసినారు మా" అన్నాను. "విప్పు."

ఆమె లాగింది. ముడి విడిపోయింది. నీలం పట్ట గాలికి ఒకసారి ఉబ్బి, మెల్లిగా కిందికి దిగి, ఆయన సైకిలు మీద వాలింది. లైటు ఆర్పడం మరిచిపోయినట్టున్నాడు. పట్ట కింద ఎర్రగా వెలుగుతా, ఆరుతా, వెలుగుతా ఉంది.